డెంటిస్టు గోడ మీద నాలుగు ఫ్రేములు: వాటిలో లైసెన్స్ ఏది?

హనుమకొండ నక్కలగుట్టలో మా వదినకు చిన్న డెంటల్ క్లినిక్ ఉంది. పేషెంట్లు కూర్చునే గదిలో గోడకు నాలుగు ఫ్రేములు వరసగా వేలాడుతుంటాయి. మొన్న పరకాల నుంచి రూట్ కెనాల్ కోసం వచ్చిన ఒకాయన, టీవీ చూసీ చూసీ విసుగొచ్చిందేమో, వాటిని ఒక్కొక్కటే చదువుకుంటూ పోయి "మేడం, వీటిల్ల సర్కారు ఇచ్చిన లైసెన్సు ఏది?" అని అడిగాడు. వదిన అన్నిటికన్నా చిన్నదాన్ని, మూలకు కొంచెం వంగి ఉన్నదాన్ని చూపించింది. ఆయన నమ్మలేదు. బంగారు రంగు అంచుతో, పెద్ద ముద్రతో మెరిసిపోతున్నది పక్కది మరి. అది డెంటిస్టుల అసోసియేషన్ ఇచ్చిన సభ్యత్వ పత్రం.

పేషెంటు సంగతి సరే, కొత్తగా బీడీఎస్ (పంటి వైద్యం డిగ్రీ) పూర్తి చేసిన పిల్లలు కూడా "అసోసియేషన్‌లో డబ్బులు కట్టేశాను, ఇక లైసెన్స్ రెన్యువల్ అయిపోయినట్టే కదా" అని వదినకు ఫోన్ చేస్తుంటారు. అయిపోదు. ఎందుకు అయిపోదో చెప్పాలంటే ముందు ఆ నాలుగు ఫ్రేములు ఎక్కడెక్కడి నుంచి వచ్చాయో చూడాలి.

నాలుగు ఫ్రేములు, నాలుగు చోట్లు

మొదటిది డిగ్రీ. నాలుగేళ్ల చదువు, ఒక ఏడాది ఇంటర్న్‌షిప్ అయ్యాక యూనివర్సిటీ ఇచ్చేది. వదిన వయసు వాళ్లకు దాని మీద విజయవాడలోని ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ పేరు ఉంటుంది. తెలంగాణ వచ్చాక ఇక్కడి పిల్లల డిగ్రీల మీద మన వరంగల్‌లోనే ఉన్న కాళోజీ యూనివర్సిటీ పేరు వస్తోంది. (ఆ విజయవాడ యూనివర్సిటీ పేరు 2022లో మారి, 2024లో మళ్లీ పాత పేరుకే వచ్చింది. మధ్యలో చదువు ముగించిన వాళ్లు ప్రతి దరఖాస్తులోనూ ఆ కథ చెప్పుకోవాలి.) డిగ్రీ చెప్పేది ఒక్కటే: ఈ మనిషి చదివింది, పాసైంది. పన్ను పీకే హక్కు దాంతో రాదు.

రెండోది, ఆ చిన్న ఫ్రేము, రాష్ట్ర డెంటల్ కౌన్సిల్ ఇచ్చిన రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్. కౌన్సిల్ అనేది చట్టం పుట్టించిన సంస్థ. 1948లో వచ్చిన డెంటిస్ట్స్ యాక్ట్ కింద దేశం మొత్తానికి డెంటల్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, దాంతో పాటు రాష్ట్రాలకు కౌన్సిళ్లు ఏర్పడ్డాయి. రాష్ట్ర కౌన్సిల్ దగ్గర ఒక రిజిస్టర్ ఉంటుంది. అందులో పేరు ఉంటే డెంటిస్టు, లేకపోతే బీడీఎస్ చదివిన మనిషి. ఆ పాత చట్టం రిజిస్ట్రేషన్ అనే అంటుంది, మనం అలవాటుగా లైసెన్స్ అంటున్నాం.

మూడోది మెరిసేది. ఇండియన్ డెంటల్ అసోసియేషన్, అందరూ ఐడీఏ అంటారు, 1946 నుంచి ఉంది. అంటే చట్టం కంటే రెండేళ్లు ముందు. దానికి రాష్ట్ర శాఖలు, వాటి కింద ఊళ్ల స్థాయిలో స్థానిక శాఖలు ఉంటాయి. సభ్యత్వ రుసుం, ఎన్నికలు, కాన్ఫరెన్సులు, స్కూళ్లలో పళ్ల పరీక్షల క్యాంపులు, ప్రభుత్వానికి వినతిపత్రాలు, ఇవీ దాని పనులు. చేరడం ఇష్టం, చేరకపోవడమూ ఇష్టమే.

నాలుగోది ఏదో సెమినార్‌లో పాల్గొన్నట్టు ఇచ్చిన పత్రం. అది కూడా గోడకెక్కింది, దాని సంగతి తర్వాత.

కౌన్సిల్‌కూ అసోసియేషన్‌కూ తేడా ఆ పరకాల ఆయనకు వదిన ఇలా చెప్పింది: కాజీపేట స్టేషన్ ముందు ఆటో అడ్డా ఉంటుంది. అక్కడ బండి పెట్టుకోవాలంటే యూనియన్‌లో ఉండాలి, చందా కట్టాలి. అట్లని యూనియన్ కార్డు చూపిస్తే పోలీసాయన వదిలేస్తాడా, ఆర్టీఏ ఇచ్చిన లైసెన్స్ అడుగుతాడు. ఆర్టీఏ కౌన్సిల్ లాంటిది, యూనియన్ అసోసియేషన్ లాంటిది. కోర్టు తెలిసినవాళ్లయితే బార్ కౌన్సిల్, బార్ అసోసియేషన్ అని గుర్తుపెట్టుకోవచ్చు. సన్నద్, అంటే వకీలుగా నమోదైన పత్రం, ఇచ్చేది ఒకరు, కోర్టు ఆవరణలో గది తాళం ఇచ్చేది ఇంకొకరు.

రిజిస్టర్ ఎందుకు పుట్టింది

మన దేశంలో మొదటి డెంటల్ కాలేజీని డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్ 1920లో కలకత్తాలో పెట్టారు. ఆయన పట్టుదలతోనే 1939లో బెంగాల్‌లో డెంటిస్టుల చట్టం వచ్చింది. అప్పటిదాకా పళ్లు కట్టడం, పీకడం అంతా చేతి పని నేర్చినవాళ్లది, బజారులో ముందు ఒక అద్దాల పెట్టె, అందులో వరసగా కట్టుడు పళ్లు. 1948 చట్టం వచ్చేనాటికి వీళ్లను ఏం చేయాలన్నది పెద్ద చిక్కు. ఒక్కసారిగా దుకాణాలు మూయించడం కుదరదు, డిగ్రీ వాళ్లు ఉన్నది పిడికెడు మంది. అందుకని రిజిస్టర్‌ను రెండు భాగాలు చేశారు. గుర్తింపు ఉన్న డిగ్రీ గలవాళ్లు 'ఏ' భాగం. డిగ్రీ లేకపోయినా అప్పటికే ఏళ్ల తరబడి ఇదే వృత్తిగా బతుకుతున్నవాళ్లు 'బి' భాగం. మా తాతల కాలంలో ఊళ్లో "పళ్ల సాయిబు" దగ్గరికి పోయామని చెప్పేవాళ్ల మాటల వెనక ఈ 'బి' భాగం కథ కొంత ఉంది.

అంటే రిజిస్టర్ మొదటి నుంచీ ప్రతిభ పరీక్ష కాదు. ఎవరెవరు ఈ పని చేస్తున్నారో, తప్పు జరిగితే ఎవరిని పిలిచి అడగాలో తెలిసే ఒక జాబితా. జాబితా అన్నాక పాతబడుతుంది. మనుషులు ఊళ్లు మారతారు, వృత్తి మానేస్తారు, చనిపోతారు. రెన్యువల్ అవసరం అక్కడి నుంచి వచ్చింది.

చట్టంలో రెన్యువల్ లెక్క

1948 చట్టంలో 39వ సెక్షన్ దీని గురించే. (ఆ చట్టం స్థానంలో 2023లో కొత్తది వచ్చింది, దాని సంగతి కింద చెబుతాను.) చదివితే తల తిరుగుతుంది, లెక్క వేస్తే తేలిక. రాష్ట్ర ప్రభుత్వం నోటిఫికేషన్ ఇచ్చిన చోట, పేరు మొదటిసారి ఎక్కిన ఏడాదికి తర్వాతి ఏడాది డిసెంబర్ 31 దాటాక కూడా రిజిస్టర్‌లో పేరు నిలవాలంటే ఏటా రుసుం కట్టాలి. ఏ ఏడాది రుసుం ఆ ఏడాది ఏప్రిల్ 1 కంటే ముందే.

ఇద్దరిని తీసుకుందాం. ఒకమ్మాయి పేరు 2023 జనవరిలో ఎక్కింది, ఆమె క్లాస్‌మేట్ పేరు కాగితాలు ఆలస్యమై 2023 డిసెంబర్‌లో ఎక్కింది. ఇద్దరికీ 2024 డిసెంబర్ 31 దాకా రెన్యువల్ గొడవ లేదు. ఇద్దరూ 2025 రుసుం 2025 మార్చి 31 లోపు కట్టాలి. మొదటి అమ్మాయికి దాదాపు రెండేళ్లు కలిసొచ్చాయి, రెండో అబ్బాయికి ఏడాది చిల్లర. "నా సర్టిఫికెట్ డేట్ నుంచి లెక్క కదా" అని చాలామంది పొరబడేది ఇక్కడే. ఆ చట్టం లెక్క తేదీతో కాదు, క్యాలెండర్ ఏడాదితో. ఇక ఏటా కట్టించుకోవడమా, కొన్నేళ్లది ఒకేసారి కట్టించుకోవడమా అన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. అందుకే బెంగళూరులో చదివిన ఫ్రెండ్ చెప్పిన మాట పట్టుకుని హైదరాబాద్ కౌన్సిల్‌కు వెళ్తే తిరిగి రావడమే.

కట్టకపోతే? చట్టం మాట మెత్తగా ఏమీ లేదు. గడువు దాటితే రిజిస్ట్రార్ పేరు తీసేయాలి. అయితే ఆ వెంటనే ఇంకో మాట కూడా ఉంది, నిబంధనల ప్రకారం తీసేసిన పేరును తిరిగి ఎక్కించవచ్చు. ఇది శిక్షగా పేరు కొట్టేయడం లాంటిది కాదు. వృత్తిలో తప్పు చేసినందుకు విచారించి తొలగించడం వేరే దారి, దానికి వేరే సెక్షన్, నోటీసు, వాదన వినడం అన్నీ ఉంటాయి. రుసుం మర్చిపోయిన డాక్టర్ని, పేషెంటుకు అన్యాయం చేసిన డాక్టర్ని ఒకే గాటన కట్టకూడదు. కానీ పేరు లేని ఆ రోజుల్లో ప్రాక్టీస్ చేస్తే చట్టం కళ్లకు మాత్రం ఇద్దరూ రిజిస్టర్‌లో లేనివాళ్లే.

నాలుగో ఫ్రేము: పాయింట్లు

రుసుం కట్టడం ఒక్కటే అయితే ఈ వ్యాసం ఇక్కడే అయిపోయేది. ఇప్పుడు దానికి ఇంకో షరతు తోడైంది, చదువు ఆపకుండా కొనసాగించడం. మన దగ్గర దీన్ని సీడీఈ అంటారు, కంటిన్యూయింగ్ డెంటల్ ఎడ్యుకేషన్. గుర్తింపు ఉన్న సెమినార్లు, వర్క్‌షాపులకు వెళ్తే క్రెడిట్ పాయింట్లు, ఇన్నేళ్లకు ఇన్ని పాయింట్లు అని కౌన్సిల్ లెక్క. గోడ మీది నాలుగో ఫ్రేము అలాంటిదే.

మిగతా దేశాల్లో ఈ లెక్క ఎలా ఉందో చూస్తే మనది వింత కాదని తెలుస్తుంది. అమెరికాలో లైసెన్స్ దేశానిది కాదు, రాష్ట్రానిది. కాలిఫోర్నియాలో రెండేళ్లకు 50 గంటలు. ఫ్లోరిడాలో రెండేళ్లకు 30. న్యూయార్క్‌లో మూడేళ్లకు 60. ఏడాదికి తెస్తే వరసగా 25, 15, 20. అదే దేశం, అవే పళ్లు, లెక్క మాత్రం రాష్ట్రానికొకటి. బ్రిటన్‌లో జనరల్ డెంటల్ కౌన్సిల్ డెంటిస్టుకు ఐదేళ్లకు 100 గంటలు పెట్టింది, పైగా వరసగా ఏ రెండేళ్లు తీసుకున్నా కనీసం 10 గంటలు ఉండాలంటుంది. ఈ చివరి షరతు ఎందుకంటే, నాలుగేళ్లు ఊరుకుని ఐదో ఏట ఎగబడి పూర్తి చేసే రకం అక్కడా ఉన్నట్టున్నారు. ఇంటర్ పిల్లల్లాగే.

అసలు ముడి ఇక్కడ పడుతుంది. లైసెన్స్ ఇచ్చేది కౌన్సిల్. కానీ పాయింట్లు వచ్చే సెమినార్లలో చాలావాటిని నడిపేది అసోసియేషన్. సభ్యులకు ఫీజు తక్కువ, బయటివాళ్లకు ఎక్కువ అని పెట్టడం మామూలే. దాంతో చేరమని చట్టం బలవంతం చేయకపోయినా, చేరకపోతే ఖర్చు పెరుగుతుంది. "సభ్యత్వం లేకుండా రెన్యువల్ కాదట" అనే పుకారు గాలిలోంచి పుట్టలేదు, ఈ లెక్కలోంచి పుట్టింది. అయినా పుకారు పుకారే. గుర్తింపు ఉన్న కార్యక్రమం ఎవరు పెట్టినా పాయింటు పాయింటే, కాలేజీ పెట్టినా సరే.

దీని మీద డెంటిస్టుల్లోనే రెండు మాటలున్నాయి. ఒకటి, ఇది కావాల్సిందే. పదిహేనేళ్ల కింద కాలేజీలో ఇంప్లాంటు సరిగ్గా చూడనివాళ్లు కూడా ఇవాళ వేస్తున్నారు, షుగర్ పేషెంటు, రక్తం పలచబడే మందు వాడే పేషెంటు రోజూ వస్తున్నారు, నేర్చుకోకపోతే ప్రమాదం పేషెంటుకే. రెండోది, పేరు రాసి, భోజనం చేసి, సర్టిఫికెట్ తీసుకుని వచ్చేదాన్ని చదువు అంటారా? భూపాలపల్లిలో ఒంటరిగా క్లినిక్ నడుపుతున్న డెంటిస్టును తీసుకోండి. హైదరాబాద్‌లో రెండు రోజుల వర్క్‌షాపు అంటే రానూపోనూ నాలుగు వందల కిలోమీటర్ల పైన, రెండు రోజులు షట్టర్ దించాలి, అపాయింట్‌మెంట్లు వాయిదా, ఫీజు వేరే, లాడ్జి వేరే. హైదరాబాద్‌లోనే ఉండే డెంటిస్టుకు అదే పాయింటు ఒక సాయంత్రం ఖర్చు. నాకు అనిపించేది, రెండో వాదన చదువు వద్దని చెప్పడం లేదు, చదువును హాజరుతో కొలవొద్దని చెబుతోంది. ఆన్‌లైన్ క్లాసులు దూరం బాధ తీర్చాయి, కానీ కెమెరా ఆపేసి పక్కన పేషెంటుకు స్కేలింగ్ (పళ్ల గార తీయడం) చేసుకునే బాధ కొత్తగా తెచ్చాయి.

ఆడేవాళ్లే అంపైర్లయితే

మన పాత చట్టం కింద రాష్ట్ర కౌన్సిల్‌లో డెంటిస్టులు ఓటేసి ఎన్నుకున్నవాళ్లు, డెంటల్ కాలేజీల పెద్దలు, ప్రభుత్వం నామినేట్ చేసినవాళ్లు ఉంటారు. ఎన్నికలు అన్నాక సంఘంలో పేరున్నవాళ్లకే బలం ఉంటుంది, అది సహజం. అట్లా ఒకే మనిషి ఒక కుర్చీలో సంఘం నాయకుడు, ఇంకో కుర్చీలో నియంత్రణ చేసే సభ్యుడు అయ్యే అవకాశం ఉంది.

ఇది మంచిదా చెడ్డదా అన్న ప్రశ్న అమెరికాలో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. నార్త్ కరోలినా రాష్ట్ర డెంటల్ బోర్డులో ఎనిమిది మంది సభ్యులు, అందులో ఆరుగురు ప్రాక్టీస్ చేసే డెంటిస్టులే, వాళ్లను ఎన్నుకునేదీ డెంటిస్టులే. అక్కడి షాపింగ్ మాల్స్‌లో డెంటిస్టులు కానివాళ్లు తక్కువ ధరకు పళ్లు తెల్లగా చేసే సర్వీసు పెట్టారు. ఆ సర్వీసు ఆపేయమంటూ బోర్డు కనీసం 47 లేఖలు పంపింది. మాల్ కొట్లు మూతపడ్డాయి. బోర్డు ప్రభుత్వ సంస్థ కాబట్టి పోటీ చట్టం మాకు వర్తించదని వాదించింది. 2015 ఫిబ్రవరిలో కోర్టు 6–3తో ఆ వాదన తోసిపుచ్చింది. అదే వ్యాపారంలో ఉన్నవాళ్ల చేతిలో బోర్డు ఉన్నప్పుడు, దాని మీద ప్రభుత్వం గట్టిగా కన్నేసి ఉంటే తప్ప ఆ రక్షణ దొరకదని చెప్పింది.

దీనికి ఎదురు వాదన కూడా తేలిగ్గా తీసేసేది కాదు. పంటి పని తెలియని ఐఏఎస్ అధికారి, ఒక రూట్ కెనాల్ చెడింది డాక్టర్ తప్పు వల్లనా, పేషెంటు సగంలో మానేయడం వల్లనా అని ఎట్లా తేలుస్తాడు? వృత్తి తెలిసినవాళ్లే వృత్తిని తూచగలరు. బయటివాళ్లు పూర్తిగా పట్టుకుంటే రాజకీయం వస్తుంది, లోపలివాళ్లు పూర్తిగా పట్టుకుంటే మొహమాటం వస్తుంది.

మన పార్లమెంటు ఈ తూకాన్ని కొంచెం జరిపింది. 2023 ఆగస్టులో నేషనల్ డెంటల్ కమిషన్ చట్టం వచ్చింది. 1948 చట్టం స్థానంలో ఇది, డెంటల్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా స్థానంలో కమిషన్. కమిషన్ కింద మూడు బోర్డులు: చదువుకు ఒకటి, కాలేజీల తనిఖీ, రేటింగులకు ఒకటి, నీతి నియమాలు, రిజిస్ట్రేషన్‌కు ఒకటి. ఎన్నికల బదులు ఎంపిక, నియామకాల వైపు మొగ్గు ఎక్కువ. రాష్ట్ర కౌన్సిళ్లు మాత్రం పోవు, రాష్ట్ర రిజిస్టర్లు జాతీయ రిజిస్టర్‌తో కలుస్తాయి. బీడీఎస్ చివర నేషనల్ ఎగ్జిట్ టెస్ట్ రాసి పాసైతేనే ప్రాక్టీస్‌కు లైసెన్స్ అన్నది ఇంకో పెద్ద మార్పు. పాత పద్ధతిలో డిగ్రీ నుంచి రిజిస్టర్‌కు నేరుగా తలుపు ఉండేది, కొత్త చట్టం లెక్కలో మధ్యలో ఒక గేటు. చట్టం పాసవడం ఒకటి, దాని ముక్కలు ఒక్కొక్కటిగా అమల్లోకి రావడం ఇంకొకటి. ఈ మధ్యకాలంలో కాలేజీ పిల్లల టెన్షన్ అంతా ఆ రెండింటి సందులోనే.

వంతెన దాటితే వేరే రిజిస్టర్

ఉత్తర తెలంగాణలో ఉన్నవాళ్లకు రాష్ట్రం గీత అంటే దూరపు మాట కాదు. కాళేశ్వరం దగ్గర గోదావరి మీది వంతెన దాటితే సిరోంచ, మహారాష్ట్ర. అక్కడ తెలుగు మాట్లాడేవాళ్లు బోలెడంత మంది. భూపాలపల్లి డెంటిస్టు మకాం మార్చి సిరోంచలో క్లినిక్ పెడదామనుకుంటే, ఒక రాష్ట్రం రిజిస్టర్ నుంచి ఇంకో రాష్ట్రం రిజిస్టర్‌కు పేరు బదిలీ చేయించుకునే ఏర్పాటు చట్టంలో ఉంది. అసోసియేషన్ సభ్యత్వానికి ఆ గీతలతో పెద్ద పని లేదు, శాఖ మారుతుంది, అంతే.

2014లో మనకు జరిగింది దీనికి తలకిందులు. డెంటిస్టు కదల్లేదు, రాష్ట్రం కదిలింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కౌన్సిల్‌లో పేరున్న హనుమకొండ డెంటిస్టు నిన్నటి కుర్చీలోనే కూర్చుని తెలంగాణ కౌన్సిల్‌కు మారాల్సి వచ్చింది. మా వదిన కాగితాల కట్ట చూస్తే మన చరిత్ర పాఠంలా ఉంటుంది: డిగ్రీ మీద విజయవాడ, మొదటి రిజిస్ట్రేషన్ మీద ఆంధ్రప్రదేశ్, అడ్రస్‌లో వరంగల్ జిల్లా, 2016 తర్వాత వరంగల్ అర్బన్, 2021 తర్వాత హనుమకొండ జిల్లా. మనిషి మాత్రం నక్కలగుట్ట వదిలి ఎటూ పోలేదు. ఒకసారి ఒక ఆఫీసు క్లర్కు "ఇన్ని ఊర్లు తిరిగిన్రా మేడం?" అని అడిగాడట.

క్లినిక్ కాగితాలు దీంతో కలపొద్దు

క్లుప్తంగా ఒక మాట. పైన చెప్పిందంతా మనిషి రిజిస్ట్రేషన్. క్లినిక్‌ది వేరే. దాన్ని జిల్లా వైద్యాధికారి దగ్గర నమోదు చేయించాలి, రక్తం అంటిన దూది, సూదుల వంటి వ్యర్థాలకు 2016 నిబంధనల కింద కాలుష్య నియంత్రణ మండలి లెక్క ఉంటుంది, ఎక్స్‌రే మిషన్‌కు అణుశక్తి నియంత్రణ బోర్డు అనుమతి. ఒకదాని గడువు దాటిందని ఇంకోటి చెడదు, ఒకటి ఉందని ఇంకోటి ఉన్నట్టూ కాదు. "క్లినిక్ సీజ్ చేశారు, అంటే లైసెన్స్ లేదన్నమాట" అని వార్త చదివి అనుకునేముందు ఏ కాగితం గురించో చూడాలి.

డల్లాస్ నుంచి తిరిగొచ్చిన అమ్మాయి

మన వైపు ప్రతి గల్లీలో అమెరికా సంబంధం ఒకటి ఉంటుంది కాబట్టి ఈ ఉదాహరణ. అనుకుందాం, హనుమకొండ అమ్మాయి బీడీఎస్ చేసి, ఇక్కడ రిజిస్టరై, పెళ్లయి టెక్సాస్ వెళ్లింది. అక్కడ మన డిగ్రీ చూపిస్తే నేరుగా లైసెన్స్ ఇవ్వరు. సాధారణ దారి ఏమిటంటే, అక్కడి నేషనల్ బోర్డు పరీక్ష రాసి, అక్కడి డెంటల్ స్కూల్లో రెండు మూడేళ్లు చదివి, అప్పుడు రాష్ట్ర బోర్డుకు దరఖాస్తు. దాంతో పాటు లైసెన్స్‌తో సంబంధం లేకుండా ఇష్టముంటే టెక్సాస్ అసోసియేషన్‌లో, 1859 నుంచి ఉన్న అమెరికన్ డెంటల్ అసోసియేషన్‌లో సభ్యత్వం. ఫ్రేములు మళ్లీ నాలుగే, గోడ మారింది.

ఈ అమ్మాయి ఆ పరీక్షలేవీ రాయకుండా, పిల్లల్ని చూసుకుంటూ ఆరేళ్లు గడిపి, తిరిగి వచ్చేసింది. ఇక్కడ రెన్యువల్ కట్టలేదు, పేరు తీసేశారు. డిగ్రీకి ఏమీ కాలేదు, అది జీవితాంతం ఉంటుంది. ఐడీఏ జీవిత సభ్యత్వం తీసుకుని ఉంటే అదీ అలాగే ఉంటుంది, గోడ మీద మెరుస్తూ. వచ్చిన వారానికే "ఖాళీగా ఎందుకు, మా క్లినిక్‌లో కూర్చో" అని మేనమామ అంటాడు. కూర్చోవచ్చు, కానీ రిసెప్షన్‌లో. పాత బకాయిలు, కౌన్సిల్ అడిగిన పాయింట్లు, అఫిడవిట్లు అన్నీ ఇచ్చి, పేరు తిరిగి రిజిస్టర్‌లో ఎక్కేదాకా ఆమె పేషెంటు నోట్లో అద్దం పెట్టకూడదు. ఆ లోపు ప్రిస్క్రిప్షన్ రాస్తే అడుగున వేయాల్సిన రిజిస్ట్రేషన్ నంబర్ ఆమె దగ్గర ఉంటుంది, దాని వెనక రిజిస్టర్‌లో పేరే ఉండదు.